పాత సాహస వీరుల భారీ రీమేక్ అనగానే అభిమానులు పెదవి విరుస్తారెందుకు?

మీరు అడిగింది ఇది: జోరో, టార్జాన్, రాబిన్ హుడ్, లోన్ రేంజర్ లాంటి పాత సాహస వీరులతో కోట్ల డాలర్లు పెట్టి సినిమా తీస్తున్నామని హాలీవుడ్ ప్రకటించగానే, ట్రైలర్ కూడా రాకముందే అభిమానులు "ఇది పోయినట్టే" అనేస్తున్నారు. ఇది ఉత్త పాతకాలపు మోజా, లేక వాళ్ల అనుమానంలో పస ఉందా? ఇలాంటి వాటిలో చూడదగ్గవేవైనా ఉన్నాయా?

పస ఉందండీ, చాలానే ఉంది. కాకపోతే ఆ అనుమానం ఎక్కువసార్లు తప్పు మనిషి మీద పడుతుంది. హీరోగా ఎవరిని తీసుకున్నారనే దాని మీద నెలల తరబడి గొడవ పడతారు. సినిమా వ్యాపారం గురించి చాలా ఏళ్లుగా రాస్తున్న నాకు అర్థమైనంతవరకు, అనుమానించాల్సింది బడ్జెట్‌ను. అంత డబ్బు పెట్టాక ఆ డబ్బే కథను తనకు కావలసినట్టు వంచుతుంది. నటుడు ఎవరైనా పెద్ద తేడా ఉండదు.

ముందు లెక్క చూద్దాం. టికెట్ల మీద వచ్చే డబ్బులో స్టూడియో చేతికి అందేది సుమారు సగం. అమెరికాలో కాస్త ఎక్కువ, బయటి దేశాల్లో తక్కువ, చైనాలో అయితే పావు వంతు. ప్రచారానికి పెట్టే ఖర్చు ఆ ప్రకటించిన బడ్జెట్‌లో ఉండదు, అది వేరే. అందుకే బడ్జెట్‌కు రెండున్నర రెట్లు వసూలైతే తప్ప గట్టెక్కినట్టు కాదని వ్యాపారంలో ఒక మోటు లెక్క ఉంది. 20 కోట్ల డాలర్లతో తీసిన సినిమాకు 50 కోట్లు రావాలన్నమాట. 'ది మమ్మీ' అనే పేరుతో వచ్చిన రెండు సినిమాలు చూడండి. 1999లో స్టీఫెన్ సామర్స్ తీసింది, 2017లో టామ్ క్రూజ్ నటించింది. ప్రపంచమంతా కలిపి రెండింటి వసూళ్లూ దాదాపు ఒకటే, 41 కోట్ల డాలర్ల ప్రాంతం. మొదటిదానికి అయిన ఖర్చు 8 కోట్లు, కాబట్టి అది పెద్ద హిట్, సీక్వెల్స్ వచ్చాయి. రెండోదానికి నిర్మాణానికే 12 కోట్లు దాటి, 19 కోట్ల దాకా అయిందని అంచనాలు, ప్రచారం దాని మీద ఇంకో కొండ. నష్టమని తేలింది, దాని వెనక వరుసగా రావాల్సిన సినిమాలన్నీ ఆగిపోయాయి. పద్దెనిమిదేళ్లలో డాలర్ విలువ ఎంత తగ్గిందో కూడా కలుపుకుంటే రెండోదాని పరిస్థితి ఇంకా అధ్వాన్నం.

ఇంత రాబట్టాలంటే సినిమా అందరికీ నచ్చాలి. తాతకూ, మనవడికీ, ఆ హీరో పేరే వినని దేశాల్లోని వాళ్లకూ. కథ బిగుసుకుపోవడం ఇక్కడే మొదలవుతుంది. ఈ హీరో ఎవరో తెలియని వాళ్ల కోసం అతని పుట్టుపూర్వోత్తరాలు చెప్పాలంటారు. ముసుగు ఎందుకు వేసుకున్నాడు, కత్తి ఎవరిచ్చారు, నాన్న ఎలా చనిపోయాడు. తీరా అతను మనకు తెలిసిన మనిషిగా మారేసరికి సినిమా అయిపోతుంది. 2010లో రిడ్లీ స్కాట్ తీసిన 'రాబిన్ హుడ్' దీనికి అచ్చమైన ఉదాహరణ. అందులో రాబిన్ చట్టానికి దొరకకుండా అడవి పట్టేది చివర్లో. "ఇక్కడి నుంచి గాథ మొదలు" అన్న అర్థంలో తెర మీద అక్షరాలు పడతాయి, లైట్లు వెలుగుతాయి. మనం టికెట్ కొన్నది ఆ గాథ కోసం కదా! దాని రెండో భాగం రానే లేదు.

1938 నాటి ఎరల్ ఫ్లిన్ సినిమా పక్కన పెట్టి చూడండి. రాబిన్ మొదటిసారి కనిపించినప్పుడే ఒక పేదవాణ్ణి రాజోద్యోగుల బారి నుంచి కాపాడుతున్నాడు. కాసేపటికి, వేటాడిన జింకను భుజాల మీద వేసుకుని శత్రువుల విందులోకి దర్జాగా నడిచి వస్తాడు. అతని బాల్యం ఎలా గడిచిందో మనకు తెలియదు, అడగాలని కూడా అనిపించదు. 'రైడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్' (1981) కూడా అంతే. ఇండియానా జోన్స్ టోపీ, కొరడాతో అడవిలో నడుస్తూ పరిచయమవుతాడు. ఆ టోపీ, కొరడా, గడ్డం మీది గాటు, పాములంటే భయం ఎక్కణ్ణుంచి వచ్చాయో చెప్పింది ఎనిమిదేళ్ల తర్వాత, మూడో సినిమా మొదట్లో. అదీ సరదాగా, చకచకా. అప్పటికి ప్రేక్షకుడికి ఆ మనిషి మీద ప్రేమ ఉంది కాబట్టి ఆ వివరాలు రుచించాయి. ప్రేమ పుట్టకముందే జాతకం చదివితే ఎవరు వింటారు?

లోన్ రేంజర్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అభిమానుల అనుమానం ఎలా పేరుకుంటుందో ఈ ఒక్క పాత్ర చరిత్రలో మొత్తం కనిపిస్తుంది. 1933లో డెట్రాయిట్‌లోని ఒక రేడియో స్టేషన్‌లో పుట్టిన పాత్ర ఇది. నల్ల ముసుగు, తెల్ల గుర్రం, వెండి తూటాలు, పక్కన అమెరికా ఆదివాసీ నేస్తం టోంటో. మనిషిని చంపడానికి తుపాకీ పేల్చకూడదన్నది అతని నియమం. 1949 నుంచి 1957 వరకు టీవీలో వచ్చినప్పుడు ఎక్కువ భాగం ఆ వేషం వేసింది క్లేటన్ మూర్. సీరియల్ ఆగిపోయాక కూడా ఆయన ఆ ముసుగు తీయలేదు. అదే వేషంలో ఊరూరా తిరుగుతూ పిల్లలను కలిసేవారు. తర్వాత కొత్త నటుడితో సినిమా తీయాలనుకున్నప్పుడు, హక్కులున్నవాళ్లు 1979లో కోర్టుకెళ్లి, మూర్ జనంలోకి ఆ ముసుగుతో రాకూడదని ఉత్తర్వు తెచ్చారు. ఆయన ముసుగు తీసి నల్లకళ్లద్దాలు పెట్టుకుని అలాగే తిరిగారు. ఇక చూడండి, జనం మొత్తం ఆయన వైపు. 1981లో ఆ సినిమా వచ్చింది. కొత్త హీరో గొంతు నచ్చక వేరే నటుడితో డబ్బింగ్ కూడా చెప్పించారు. బాక్సాఫీస్ దగ్గర బోల్తా పడింది. ముసుగు వేసుకునే హక్కు మూర్‌కు కొన్నేళ్ల తర్వాత తిరిగి దక్కింది.

అలాంటి చరిత్ర ఉన్న పాత్రను 2013లో డిస్నీ మళ్లీ ఎత్తుకుంది. ఖర్చు పెరిగిపోతోందని 2011లో ఒకసారి పని ఆపేసి, తగ్గించుకుని మళ్లీ మొదలుపెట్టారు. ఆ తగ్గించుకున్న బడ్జెట్ కూడా 21 కోట్ల డాలర్ల పైమాటే. వసూలైంది 26 కోట్ల ప్రాంతం. నష్టం 16 నుంచి 19 కోట్ల దాకా ఉండొచ్చని ఆ ఏడాది ఆగస్టులో సంస్థే చెప్పుకుంది.

డబ్బు సంగతి అలా ఉంచితే, నాకు ఆ సినిమాలో ఎప్పుడూ గుర్తొచ్చేది చివర్లో వచ్చే ఒక చిన్న ముక్క. హీరో గుర్రాన్ని రెండు కాళ్ల మీద లేపి, తరతరాల పిల్లలు అనుకరించిన ఆ కేక పెడతాడు. వెంటనే టోంటో, ఇంకెప్పుడూ అలా చేయకు అంటాడు. హాల్లో నవ్వులు. జోకుగా బాగానే ఉంది. కానీ ఆ కేక వినడానికే రెండున్నర గంటలు కూర్చున్నవాడి సంగతేంటి? సినిమా మొత్తం హీరోను చేతకానివాడిగా, వెక్కిరింపులకు పనికొచ్చేవాడిగా చూపించి, చివరికి అతని గుర్తింపుకు కూడా సిగ్గుపడింది. ఇంకోవైపు విలన్ మనిషి గుండె కోసి తింటాడు, ఒక తెగ వాళ్లను ఊచకోత కోస్తారు. పిల్లల కోసం అనుకుంటే ఇది ఎక్కువ, పెద్దల కోసం అనుకుంటే ఆ గుర్రం జోకులు ఎక్కువ. అందరికీ నచ్చాలని అందరికీ తలా ఒక ముక్క పెట్టడం అంటే ఇదే. అయినా న్యాయంగా చెప్పాలి: చివర్లో సీరియల్ నాటి ఆ పాత 'విలియం టెల్' సంగీతం మోగుతుండగా సాగే రైళ్ల పోరాటం మాత్రం నిజంగా బ్రహ్మాండం. అక్కడ హీరో సిగ్గుపడటం మానేస్తాడు. సినిమా మొత్తం ఆ ధైర్యం ఉంటే ఎలా ఉండేదోనని ఇప్పటికీ అనిపిస్తుంది.

స్టూడియోలు చేసే ఇంకో పొరపాటు, పేరు తెలియడాన్ని ఇష్టం అనుకోవడం. 2013 నాటికి ఆ సీరియల్‌ను మొదటిసారి టీవీలో చూసినవాళ్లు అరవైకి దగ్గర పడ్డవాళ్లు, దాటినవాళ్లు. మిగతావాళ్లకు అదొక విన్న పేరు, అంతే. దానికి ఏడాది ముందు వచ్చిన 'జాన్ కార్టర్' కథ ఇంకా విచిత్రం. ఎడ్గర్ రైస్ బరోస్ ఆ కథను 1912లో పత్రికలో సీరియల్‌గా రాశాడు. టార్జాన్‌ను సృష్టించింది కూడా ఆయనే. అంగారకుడి మీదికి వెళ్లిపడిన ఒక సైనికుడు, అక్కడి యువరాణి, నాలుగు చేతుల జీవులు, తేలే ఓడలు. దీన్ని యానిమేషన్‌గా తీద్దామని 1930లలోనే ప్రయత్నించారు, కుదరలేదు. భారీ సినిమాగా రావడానికి సరిగ్గా వందేళ్లు పట్టింది. ఈలోగా ఆ కథలోని వింతలన్నీ 'ఫ్లాష్ గోర్డన్' అనే అంతరిక్ష సాహస సీరియల్స్ దగ్గర్నుంచి 'స్టార్ వార్స్', 'అవతార్' దాకా ఎవరికి కావలసినవి వాళ్లు తీసుకున్నారు. దాంతో అసలు కథ తెర మీదికి వచ్చేసరికి, కొత్త ప్రేక్షకుడికి అదే కాపీలా కనిపించింది. పైగా పేరులోంచి 'మార్స్' అనే మాట తీసేశారు. అంగారకుడన్న మాట తీసేశాక మిగిలింది పక్కింటాయన పేరు లాంటి పేరు. 25 కోట్ల డాలర్లకు పైగా ఖర్చయిన ఆ సినిమా మీద దాదాపు 20 కోట్ల నష్టం వస్తుందని డిస్నీ విడుదలైన నెలలోనే ప్రకటించింది. నా మటుకు నాకు అది చెడ్డ సినిమా కాదు. దర్శకుడు ఆండ్రూ స్టాంటన్‌కు ఆ పుస్తకాలంటే ప్రాణం, అది తెర మీద తెలుస్తుంది. 10 కోట్లలో తీసి ఉంటే ఈపాటికి మూడో భాగం వచ్చేదేమో.

'స్టార్ వార్స్' అన్నాను కాబట్టి ఒక ముచ్చట. జార్జ్ లూకాస్ మొదట తీయాలనుకున్నది 'ఫ్లాష్ గోర్డన్'. హక్కులు దొరకలేదు. సరే పొమ్మని, ఆ సీరియల్స్‌లో తనకు నచ్చిన ఊపును, వేగాన్ని తీసుకుని సొంత కథ అల్లుకున్నాడు. 1977లో 1.1 కోట్ల డాలర్లతో ఆ సినిమా తీశాడు. హక్కులున్న డినో డి లారెంటిస్ మూడేళ్ల తర్వాత, అంతకంటే చాలా ఎక్కువ ఖర్చుతో అసలు 'ఫ్లాష్ గోర్డన్' తీశాడు. నాకు అది ఇష్టమే, క్వీన్ బ్యాండ్ పాటల కోసమైనా. కానీ ఏది మిగిలిందో మీకు తెలుసు. ఇండియానా జోన్స్ కూడా ఇలాగే, 30లు, 40ల నాటి సీరియల్స్ మీద ప్రేమతో కొత్తగా అల్లిన పాత్ర. "పాత హీరో పేరు కొనే బదులు ఆ హీరోలో ఉన్న ఊపు పట్టుకోండి" అని అభిమానులు గొణుగుతుంటారు కదా, దానికి ఇంత గట్టి ఆధారం ఉంది.

ఆ పాత కథల కొలత కూడా వేరు. వారం వారం పత్రికలోనో, రేడియోలోనో, పన్నెండు పదిహేను భాగాల సీరియల్‌గానో వచ్చినవి. జోరో కాపాడేది తన చుట్టుపక్కల జనాన్ని. లోన్ రేంజర్ అరగంటలో ఒక గొడవ తీర్చి వెళ్లిపోతాడు. 20 కోట్ల సినిమాలో ఒక చిన్న పట్నాన్ని కాపాడితే సరిపోదని భయం. అందుకని దేశాన్నో ప్రపంచాన్నో ముంచే కుట్ర తగిలిస్తారు. ముసుగు, కత్తి, గుర్రం మాత్రమే ఉన్నవాడు దాని ముందు వెలవెలబోతాడు.

సరే, అన్నీ పోవాల్సిందేనా అంటే కాదు. గై రిచీ తీసిన రెండు సినిమాలు పక్కపక్కన పెట్టండి. 2009లో 'షెర్లాక్ హోమ్స్'. హోమ్స్ చొక్కా విప్పి బాక్సింగ్ చేయడమేంటని అప్పుడు చాలామంది మండిపడ్డారు. కానీ కానన్ డాయిల్ కథల్లో హోమ్స్‌కు బాక్సింగ్ వచ్చు, కర్రసాము వచ్చు. పాత సినిమాలు వదిలేసిన సంగతిని రిచీ పుస్తకంలోంచి తవ్వి తీశాడు. 9 కోట్ల ఖర్చుకు 52 కోట్లు వచ్చాయి. అదే రిచీ, అదే గబగబా కత్తిరించే శైలి, 2017లో 'కింగ్ ఆర్థర్'. ఆరు సినిమాల వరుసకు మొదటి భాగంగా అనుకున్నారు. ఖర్చు 17.5 కోట్లు, వసూలు 15 కోట్ల లోపు. మొదటి సన్నివేశంలో వచ్చే ఏనుగులే కొండంత ఉంటే ఆర్థర్ ఎక్కడ కనిపిస్తాడు! ఆరు భాగాల ప్రణాళిక ఒక్కదానితోనే ముగిసింది.

ఈ వరుస సినిమాల ఆశ మీద నాకు ప్రత్యేకంగా కోపం. 2017 'మమ్మీ' విడుదలకు ముందే యూనివర్సల్ వాళ్లు టామ్ క్రూజ్, జానీ డెప్, హావియెర్ బార్డెమ్ అందరినీ కలిపి 'డార్క్ యూనివర్స్' అనే పాత భయానక పాత్రల సినిమాల వరుస పేరుతో ఒక గ్రూప్ ఫొటో వదిలారు. మొదటి సినిమా ఆడుతుందో లేదో తెలియక ముందే ఐదో సినిమా హీరోను పరిచయం చేయడం! అందులో ఉండాల్సిన 'ది ఇన్‌విజిబుల్ మ్యాన్'ను తర్వాత వేరే దర్శకుడు లీ వానెల్ 2020లో 70 లక్షల డాలర్లతో, ఎవరితోనూ ముడిపెట్టకుండా తీశాడు. 14 కోట్లకు పైగా వసూలు చేసింది.

ఇప్పుడు అభిమానులు తప్పిన చోటు. 2005లో డేనియల్ క్రెయిగ్‌ను బాండ్‌గా ప్రకటించగానే, ఈ బంగారు రంగు జుట్టువాడు బాండేంటని సినిమాను బహిష్కరించమంటూ ఏకంగా వెబ్‌సైట్ పెట్టారు. 2006లో 'క్యాసినో రాయల్' వచ్చింది, 60 కోట్ల డాలర్ల ప్రాంతం వసూలు చేసింది, గొడవ చేసినవాళ్లలో చాలామంది అతనే అసలు బాండ్ అనడం మొదలుపెట్టారు. అది కూడా హీరో ఎలా తయారయ్యాడో చెప్పే కథే, గమనించండి. కానీ అతను బాండ్‌గా మారే ఘట్టాన్ని మొదటి నలుపు తెలుపు సన్నివేశంలో నిమిషాల్లో తేల్చేసి, బాండ్‌ను సృష్టించిన ఇయాన్ ఫ్లెమింగ్ మొదటి నవలలోని జూదం బల్ల దగ్గరికి తీసుకెళ్లిపోయారు.

దానికి దర్శకుడు మార్టిన్ క్యాంప్‌బెల్. ఎనిమిదేళ్ల ముందు 'ది మాస్క్ ఆఫ్ జోరో' తీసింది కూడా ఈయనే. ఈ విషయంలో నాకు తెలిసిన అత్యుత్తమ పరిష్కారం ఆ సినిమాలో ఉంది. పాత జోరోనూ కొత్త జోరోనూ ఒకే కథలో పెట్టారు. ముసలివాడైన ఆంథోనీ హాప్‌కిన్స్, మొరటు దొంగ ఆంటోనియో బాండెరాస్‌కు కత్తి పట్టడం నేర్పి ముసుగు అప్పగిస్తాడు. "పాత వాడి చోటులో వీడెవడు?" అన్న అభిమాని ప్రశ్న సినిమాకే కథ అయింది. కత్తి యుద్ధాలు నేర్పింది బాబ్ ఆండర్సన్, ఒకప్పుడు ఎరల్ ఫ్లిన్‌తో పనిచేసిన మనిషి. 9.5 కోట్లు పెడితే 25 కోట్లు వచ్చాయి. ఇదే క్యాంప్‌బెల్ 2011లో 'గ్రీన్ లాంటర్న్'కు 20 కోట్లు ఖర్చు పెట్టి దెబ్బతిన్నాడు. కాబట్టి దర్శకుడి పేరు చూసి కూడా పూర్తిగా నమ్మలేం.

"ఏమీ మార్చకుండా ఉన్నది ఉన్నట్టు తీస్తే చాలు" అనే అభిమానులతో మాత్రం నేను ఏకీభవించను. ఈ కథలు రాసిన కాలంలో తెల్లవాడు వెళ్లి నల్లవాళ్లను ఉద్ధరించడం మామూలు విషయం. టార్జాన్‌ను అలాగే ఇవాళ తీయలేరు, తీయకూడదు. 2016 'ది లెజెండ్ ఆఫ్ టార్జాన్' ఆ చిక్కును ఎదుర్కొంది: కథను బెల్జియం రాజు లియోపోల్డ్ దోచుకున్న కాంగోలో పెట్టి, ఆ దారుణాలను 1890లో బయటపెట్టిన జార్జ్ వాషింగ్టన్ విలియమ్స్ అనే నిజమైన మనిషిని పాత్రగా తెచ్చింది. ఆలోచన మెచ్చుకోదగ్గదే. కానీ 18 కోట్ల సినిమా కాబట్టి చివరికి జంతువుల గుంపులు పట్నం మీద పడాల్సి వచ్చింది. టోంటో విషయంలో ఇంకో విడ్డూరం: 1949లోనే ఆ వేషం జే సిల్వర్‌హీల్స్ అనే మోహాక్ తెగ నటుడు వేశాడు. 64 ఏళ్ల తర్వాత అదే వేషం జానీ డెప్‌కు ఇచ్చారు. ఆధునికంగా మారుస్తున్నామని చెప్పుకునేవాళ్లు వెనక్కి నడిచారు.

ఈసారి ఇలాంటి ప్రకటన వస్తే హీరో ఎవరని చూడటం తర్వాత, ఎన్ని కోట్లన్నది చూడండి. ఆ హీరో పేరు తెలిసినవాళ్లు ఏ వయసువాళ్లో ఆలోచించండి. విడుదలకు ముందే రెండో భాగం, మూడో భాగం గురించి మాట్లాడుతుంటే కాస్త దూరం జరగండి. ఇంటర్వ్యూల్లో దర్శకుడు "మీరు చూసిన హీరో కాదు, పూర్తిగా వేరే" అని పదే పదే అంటుంటే, ఆ పాత్ర అంటే ఆయనకు చిన్నచూపేమోనని అనుమానించొచ్చు. మూల పుస్తకంలోంచి ఎవరికీ గుర్తులేని సంగతి ఒకటి పట్టుకుని మాట్లాడుతుంటే ఆశ పెట్టుకోవచ్చు.

ఇక చూడదగ్గవి. ముందు 1998 జోరో. తర్వాత 1938 రాబిన్ హుడ్, ఆ రంగుల కోసం, కోర్న్‌గోల్డ్ సంగీతం కోసం. 1999 మమ్మీ కూడా సరదాగా గడిచిపోతుంది, పైగా 1932 నాటి భయపెట్టే సినిమాను తీసుకెళ్లి సాహస కథగా మార్చిన ధైర్యం దానిది. 'జాన్ కార్టర్'ను ఎవరేమన్నారో పట్టించుకోకుండా ఒకసారి చూడండి. 2013 లోన్ రేంజర్‌కు మాత్రం చివరి అరగంట చాలు.